'ఆదివారమొచ్చె' పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
ఆదివారమొచ్చె నమృతమ్ము లేదాయె
ఫోనులోన వెదకి పొట్టచెక్క
లయ్యెదాక నవ్వి లడ్డు తిన్నంతగా
పాతయమృతరావె పరమ మనిరి

అవతారిక

కర్త ఎవరని అడగవద్దు. టీకాకారుడే రాసుకుని, తానే టీక చెప్పుకుంటున్నాడని గిట్టనివాళ్ళు అంటారు. అననివ్వండి.

పద్యం అమృతం అనే టీవీ సీరియల్ గురించి. దాని సృష్టికర్త గుణ్ణం గంగరాజు. జెమిని టీవీలో 2001 నవంబరు 18న మొదలై, సరిగ్గా ఆరేళ్ళకు 2007 నవంబరు 18న ముగిసింది. రెండూ ఆదివారాలే. మొత్తం 313 భాగాలు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు; వాళ్ళ భార్యలు సంజీవని, శాంత; ఇద్దరూ కలిసి నడిపే అమృత విలాస్ అనే హోటలు; అందులో పనిచేసే సర్వం; అద్దె మాట ఎత్తితే ప్రాణం లేచొచ్చే ఓనరు అప్పాజీ. ఇతివృత్తం ఇంతే. ఇంతమాత్రం సరుకుతో ఆరేళ్ళు తెలుగిళ్ళలో ఆదివారం రాత్రి భోజనాల వేళను శాసించడం మాత్రం మాటలు కాదు.

మెదక్ ప్రాంతపు కోలాచలం నుంచి వెళ్ళి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి తనకో నియమం పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేని మాట రాయడు, అవసరం లేని మాట చెప్పడు. ఈ టీకాకారుడు మొదటి సగం పాటిస్తాడు. రెండో సగం కూడా పాటిస్తే పత్రికలో పేజీ నిండదు. అన్నట్టు, మల్లినాథుడి వ్యాఖ్య పేరు సంజీవని. అమృతరావు భార్య పేరూ అదే. మొగుడు చేసిన ప్రతి పనికీ ఆవిడ ఇంట్లో చెప్పే వ్యాఖ్యానం విన్నవారికి ఆ పేరు ఎంత తగినదో తెలుసు.

ప్రతిపదార్థం

ఆదివారము + ఒచ్చె = వారమంతా ఎదురుచూసిన రోజు వచ్చింది; అమృతమ్ము = పైన చెప్పిన సీరియలు; లేదాయె = రాలేదు, 2007 తర్వాత ఇక రాదు; ఫోనులోన వెదకి = యూట్యూబులో గాలించి (నిర్మాతలు పాత భాగాలను అక్కడ పెట్టారు కనుక దొరుకుతుందని భావం); పొట్ట చెక్కలు + అయ్యెదాక = కడుపు పట్టుకునేంత వరకు; నవ్వి = పక్కగదిలో పిల్లలు లేస్తారన్న భయం కూడా లేకుండా నవ్వి; లడ్డు తిన్నంతగా = దీని సంగతి తర్వాత; పాత + అమృతరావు + ఎ = దీని సంగతి ఇంకా తర్వాత; పరమము = గొప్ప; అనిరి = అన్నారు. ఎవరన్నారు? పద్యంలో కర్త లేడు. అభిమానులు అని పూరించుకోవాలి. అభిమానులకు తాము కర్తలమన్న స్పృహ ఎప్పుడూ ఉండదు కాబట్టి లోపం లోపం కాదు.

తాత్పర్యం

సీరియల్ ఆగిపోయి ఏళ్ళు గడిచినా ఆదివారం రాగానే చేతులు ఊరుకోక, పాత భాగాలు చూసి నవ్వి, చివరకు "మా కాలపు అమృతరావే అమృతరావు" అని ఇంట్లోవాళ్ళతో తగవుకు దిగుతారని.

విశేషాంశాలు

ముందుగా వ్యాకరణం. 'ఒచ్చె' అన్నది పండితులకు రుచించదు. 'అయ్యేదాకా' అనవలసిన చోట 'అయ్యెదాక' అన్నాడు, ఛందస్సు రెండు దీర్ఘాలు మింగింది. ఇక లడ్డు. అమృత విలాస్‌లో లడ్డు ఏమిటి, నవ్వుకు లడ్డు ఏమిటి అని శంక. సమాధానం: ఈ లడ్డు మిఠాయి కొట్లోంచి రాలేదు, యతిస్థానంలోంచి వచ్చింది. 'ల'కు 'ల' కావలసి వచ్చింది, దొరికింది పెట్టాడు. దీనికి రససిద్ధాంతం చెప్పేవారిని నమ్మవద్దు.

'పొట్టచెక్కలయ్యెదాక నవ్వి' దగ్గర మాత్రం కాస్త ఆగాలి. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు మెట్లుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. కళ్ళ నీళ్ళు తిరిగి, పక్కలు నొక్కుకుని నవ్వేది చివరిదాని కిందికి వస్తుంది. ఈ లెక్కన ఆరేళ్ళపాటు ఆదివారం రాత్రి తెలుగువాళ్ళలో ఉత్తములెవరూ మిగల్లేదు. హాస్టల్ గదిలో స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి, పప్పన్నం కలుపుకుంటూ, ముద్ద నోట్లో ఉండగా నవ్వొచ్చి పొలమారే కుర్రాణ్ణి చూశారా? భరతుడి పట్టికలో వాడికి మెట్టే లేదు. ఏడో మెట్టు ఒకటి పెట్టాల్సిందే.

శాఖాభేదం ఒకటి ఉంది. వయసు మళ్ళినవారు ఈ పద్యం వినగానే, "అమృతం ఏమిటోయ్, దూరదర్శన్లో ఆనందో బ్రహ్మ చూశావా?" అంటారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు ఊరూరా తెలిసింది దానివల్లే. ఆ ఎకసెక్కపు మాటతీరు తర్వాత సినిమాల్లో ఎంతమంది లెక్చరర్లకు, ఎంతమంది తండ్రులకు గొంతు ఇచ్చిందో లెక్కలేదు. ఆ శాఖవారు పూర్వాచార్యులు. వారితో వాదం వద్దు. ఉన్నది ఒకే టీవీ, ఒకే చానెల్. దానికి పోటీ అంటే యాంటెన్నా మీద కాకే. ఆ రోజుల్లో మనల్ని నవ్వించడం తేలికని అనను గానీ, అమృతానికి రిమోట్ అనే శత్రువు ఎదురుగా ఉండేది.

టైటిల్ పాట గురించి ఒక్క మాట. రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి, బాణీ కల్యాణి మాలిక్‌ది. కష్టాలను నవ్వుతూ తీసిపారేసే ఆ పాటను సీరియల్ ఒక్క భాగమూ చూడనివాళ్ళు కూడా పాడతారు. సినిమాలో ఎంత గంభీరమైన పాటలు రాసిన చేయి, ఒక టీవీ హోటలు కథకు అంత మనసు పెట్టడం విశేషమే. పాట దాటించి కథలోకి దూకేవారు కొందరున్నారు. వారు పద్యం చదవకుండా తాత్పర్యం చదివే పరీక్ష విద్యార్థుల కోవలోవారు. పరీక్ష పాసవుతారు, అంతే.

ఇక ముఖ్యమైన వివాదం: 'పాతయమృతరావె'.

ఏ పాత? ఇక్కడ వ్యాఖ్యాతలు మూడు మతాలుగా చీలిపోయారు. ఎందుకంటే అమృతరావులు ముగ్గురు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత చివరిదాకా హర్షవర్ధన్. మొదటి మతంవారు శివాజీ రాజా అమాయకత్వాన్ని ప్రమాణం అంటారు. మొదట చూసినవాడే మొగుడన్నట్టు ఉంటుంది వారి వాదం. రెండో మతంవారు తక్కువ మంది. నరేష్‌కు సినిమా నాయకుడి దర్జా ఉందనీ, ఆ దర్జాతో బోల్తా పడితే ఇంకా బాగుంటుందనీ వారి పక్షం. మూడోది హర్షవర్ధన్ మతం. సంఖ్యాబలం వీరిదే, ఎందుకంటే ఎక్కువ భాగాలు ఆయనవే. పైగా ఆయన నటించడమే కాదు, రాసేవాడు కూడా. తన గొంతుకు తానే మాటలు కుట్టుకున్నాడు కాబట్టి చక్కగా అతికాయి.

ఈ మూడు మతాలవారినీ ఒక పెళ్ళి భోజనాల బంతిలో కూర్చోబెడితే పెరుగన్నం దాకా తెమలదు. ప్రతివాడూ తాను సీరియల్‌లోకి అడుగుపెట్టిన రోజున తెరమీద ఎవరున్నారో ఆయన్నే అసలు అమృతరావంటాడు. అంటే 'పాత' అన్న మాటకు పంచాంగంతో సంబంధం లేదు, చెప్పేవాడి వయసుతో ఉంది. హర్షవర్ధన్ మూడోవాడైనా, 2005లో ఎనిమిదో తరగతి చదివినవాడికి ఆయనే పాత అమృతరావు.

పూర్వపక్షం ఇది. ఇప్పుడు సిద్ధాంతం.

నాయకుణ్ణి రెండుసార్లు మార్చినా సీరియల్ కూలలేదు. ఇది మామూలు సంగతి కాదు. మార్చిన మర్నాడు జనం గొణిగారు, వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చున్నారు. ఎలా సాధ్యమైంది? ఎందుకంటే ఎదురుగా కూర్చుని వినేవాడు మారలేదు. ఆంజనేయులు అనే గుండు హనుమంతరావు మారలేదు.

సంస్కృత నాటకంలో నాయకుడు ప్రేమిస్తాడు, విదూషకుడు తింటాడు. ఇక్కడ నాయకుడు పథకం వేస్తాడు, విదూషకుడు దెబ్బలు తింటాడు. అమృతరావుకు హోటలు వ్యాపారం పెంచే ఉపాయం ఒకటి తడుతుంది. అది పిచ్చి ఉపాయమని మనకు తెలుసు, ఆంజనేయులుకూ తెలుసు. కథంతా ఆ తెలిసినవాడు ఎలా ఒప్పుకున్నాడన్న దాని మీదే నడుస్తుంది. ఆ ఒప్పుకోలు ముఖంలో మెట్లు మెట్లుగా జరుగుతుంది. ముందు విసుగు. తర్వాత, వద్దనడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోవడం. కళ్ళు ఓ పక్కకు తిరగడం, అంటే లోపల లెక్క మొదలైందని. ఆపైన ఆశ. ఆశ పుట్టిన క్షణంలో మనకు నవ్వు వస్తుంది, పథకం విన్నప్పుడు కాదు. పథకం వేసేవాడి పాత్ర చురుకైన నటుడెవరైనా మోయగలడు, ముగ్గురు మోశారు. తెలిసి తెలిసి గోతిలో దిగేవాడి ముఖం మాత్రం అరుదైన సరుకు. విజయవాడ నాటకాల నుంచి జంధ్యాల 'అహ నా పెళ్ళంట'తో సినిమాకొచ్చిన మనిషి, ఎన్నో సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. మాయలోడు, యమలీలల్లో ఆయన్ని గుర్తుపట్టనివారు లేరు. కానీ ఆ ముఖానికి చోటు ఇచ్చి, టైము ఇచ్చి, వారం వారం దగ్గరగా చూపించింది టీవీయే. సినిమా ఆయనకు నవ్వించే పని ఇచ్చింది, అమృతం ఆలోచించే పని ఇచ్చింది. ఇది టీకాకారుడి అభిప్రాయం, మూలంలో లేదు.

ప్రమాణాలు రెండు చాలు. మొదటిది, 2014లో గంగరాజే 'చందమామలో అమృతం' అని సినిమా తీశాడు. అమృత విలాస్ ఏకంగా చంద్రుడి మీదకెక్కింది. అమృతరావుగా అవసరాల శ్రీనివాస్ వచ్చాడు, ఆంజనేయులు కూడా మారాడు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి మాత్రం పాతవారే. ఓనరు, పనివాడు ఉన్నారు, హోటలుంది, చంద్రుడూ ఉన్నాడు. అయినా అభిమానులు ఇంటికి వచ్చి యూట్యూబులో పాత భాగాలు పెట్టుకున్నారు.

రెండోది, 'అమృతం ద్వితీయం'. 2020 మార్చి 25, ఉగాది నాడు, దేశమంతా తలుపులు బిగించుకున్న మొదటి రోజున జీ5లో మొదలైంది. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ హాస్యానికీ దొరకదు. ప్రేక్షకులు ఎటూ కదలరు. హర్షవర్ధన్ ఉన్నాడు, శివన్నారాయణ ఉన్నాడు, వాసు ఇంటూరి ఉన్నాడు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశాడు కనుక ఆంజనేయులు వేషం ఎల్బీ శ్రీరామ్ వేశాడు. ఎల్బీ శ్రీరామ్ నటుడిగా, రచయితగా ఎవరికీ తీసిపోడు. ఆయనలో లోటు వెతకడం అన్యాయం. కానీ అమృతరావు కొత్త పథకం చెప్పి ఎదుటివాడి ముఖం చూసినప్పుడల్లా, మనమూ ఆ వైపే చూశాం, మనం వెతికిన ముఖం అక్కడ లేదు. అమృతరావు మారినప్పుడు గొణిగిన జనం, ఈసారి గొణగలేదు. ఊరుకున్నారు.

కాబట్టి పద్యకర్త నాలుగో పాదంలో పొరబడ్డాడని సిద్ధాంతం. మూడు మతాలవారూ ఒకరినొకరు కొట్టుకున్నారు గానీ, ఆంజనేయులు విషయంలో ఒక్కరూ నోరెత్తలేదు. వివాదం లేనిచోటే ప్రధాన పాత్ర ఉంది. కాబట్టి నాలుగో పాదానికి ఈ పాఠం సవరణగా సూచిస్తున్నాం:

అంజి లేనిదమృత మవునె యనిరి

ఐదూ సూర్యగణాలే, స్వరయతి కుదిరింది, లడ్డులాంటి అతుకులు లేవు. ఇకముందు ఈ పద్యం అప్పగించేవారు, వాట్సాప్‌లో పంపేవారు ఈ పాఠమే వాడాలి.

ఇంకా సందేహమున్న హర్షవర్ధన్ మతంవారికి ఒక మనవి. ఈసారి ఏదో ఒక భాగం పెట్టుకుని, అమృతరావు మాట్లాడుతున్నంతసేపూ ఆయన వైపు చూడకండి, పక్కనున్న ఆంజనేయుల్నే చూడండి. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత వాదానికి రండి.