స్క్రాప్‌బుక్ పేజీ స్వీయచరిత్ర

పుట్టుక

డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీ పుట్టినప్పుడు తెల్లటి ఖాళీ చతురస్రం. సాధారణంగా నిలువు 12 అంగుళాలు, అడ్డం 12 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ఒక్కో వైపు 3600, మొత్తం దాదాపు కోటీ ముప్పై లక్షల పిక్సెళ్లు. అందులోకి ముందు ఫొటో వస్తుంది, తర్వాత దాని చుట్టూ అలంకారం వస్తుంది, ఆఖరున మాట వస్తుంది. ఈ మాటల భాగాన్ని స్క్రాప్‌బుక్ చేసేవాళ్లు జర్నలింగ్ అంటారు. ఫొటోలో ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరం మొదలుకొని, ఆ రోజు ఏం జరిగింది, అది ఇన్నాళ్లు ఎందుకు గుర్తుండిపోయింది అన్నదాకా అంతా దీని కిందికే వస్తుంది.

ఈ స్వీయచరిత్ర చెప్పుకుంటున్నది అలాంటి ఒక పేజీయే. చరిత్ర గ్రంథాల మర్యాద పాటించి తనను తాను ‘పేజీ’ అనే పిలుచుకుంటుంది. దాని మీద ఉన్నది ఒకటే ఫొటో. సికింద్రాబాద్ తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడి ముందు బంతిపూల దండ వేసిన కొత్త స్కూటర్, హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డ మనిషి, ముందు చక్రం కింద నిమ్మకాయ. పేజీని తయారుచేసినది ఆయన పెద్దకూతురు.

పూర్వులు

పేజీ వంశం కంప్యూటర్ కంటే చాలా పాతది. యూరప్‌లో చదువుకున్నవాళ్లు నచ్చిన మాటల్నీ, విన్న సంగతుల్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకునేవారు. అలాంటి పుస్తకానికి విషయసూచిక ఎలా కట్టుకోవాలో తత్త్వవేత్త జాన్ లాక్ చెప్పిన పద్ధతి 1706లో ఇంగ్లిష్‌లో అచ్చయింది. జేమ్స్ గ్రేంజర్ 1769లో ఇంగ్లండ్ ప్రముఖుల జీవితచరిత్రల గ్రంథం వెలువరించాక, దొరికిన బొమ్మలన్నీ తెచ్చి అచ్చుపుస్తకాల్లో చేర్చి కట్టించుకోవడం పాఠకులకు ఒక సరదా అయింది. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1873లో స్క్రాప్‌బుక్ మీదే పేటెంటు పొందాడు. అందులో కాగితాల మీద ముందే జిగురు పూసి ఉంటుంది, తడిపి అంటించడమే పని.

ఫొటోకి మాటను జతచేసే ప్రయత్నం కెమెరా లోపల కూడా జరిగింది. కొడాక్ సంస్థ 1914లో ఆటోగ్రాఫిక్ కెమెరాలు తెచ్చింది. వెనకవైపు ఉన్న చిన్న తలుపు తీసి, లోహపు పుల్లతో ఫిల్ము వెనక కాగితం మీద పేరో తేదీయో రాసి, కొన్ని క్షణాలు వెలుతురు తగలనిస్తే ఆ రాత రెండు ఫొటోల నడుమ ఫిల్ము మీద పడేది. ఈ ఆలోచన మీద హక్కుల కోసం దాన్ని కనిపెట్టిన హెన్రీ గైస్మన్‌కు కొడాక్ 3 లక్షల డాలర్లు చెల్లించింది. 1930ల మొదట్లో ఆ ఫిల్ము ఆగిపోయింది.

ఇప్పటి స్క్రాప్‌బుక్ అలవాటుకు అమెరికాలోని యూటా రాష్ట్రం పుట్టిల్లు. వంశచరిత్ర రాసిపెట్టుకోవడం అక్కడి మోర్మన్ కుటుంబాల్లో మతధర్మంలో భాగం. స్పానిష్ ఫోర్క్ పట్టణానికి చెందిన మారిలెన్ క్రిస్టెన్‌సెన్ తయారుచేసిన కుటుంబ ఆల్బంల 50 సంపుటాలను 1980లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ప్రపంచ రికార్డుల మహాసభలో ప్రదర్శనకు పెట్టారు. మరుసటి ఏడాది ఆమె, ఆమె భర్త కలిసి ఇందుకోసమే దుకాణం తెరిచారు. కత్తెర, జిగురు, రంగు కాగితాల ఈ పని కంప్యూటర్ మీదికి ఎక్కడానికి దారి వేసింది ఫొటోషాప్. అది 1990లో వచ్చింది, 1994లో పొరలు పేర్చే సదుపాయం చేర్చుకుంది. ఇళ్లలో వాడుకునేవారి కోసం 2001లో ఎలిమెంట్స్ అనే చిన్న రూపం వచ్చింది.

తెలుగు ఇళ్లలో స్క్రాప్‌బుక్ అన్న పేరు లేదు గానీ పని ఉండేది. పంచాంగం అంచున పిల్లలు పుట్టిన తిథీ నక్షత్రం, స్టూడియో ఫొటో వెనక పెన్నుతో రాసిన పేర్లు, పెళ్లి ఆల్బంలో దాచిన శుభలేఖ ఈ పేజీకి మేనత్తల వరస.

శరీరం

పేజీ ఒంటిలో ఉన్నవన్నీ పొరలే. అన్నిటికన్నా కింద కాగితంలా కనిపించే నేపథ్యం, దాని మీద ఫొటో, ఫొటోకి చట్రం, చట్రం అడుగున సన్నటి నీడ, పైన అక్షరాలు. ఏ పొరనైనా మిగతావాటిని కదపకుండా జరపవచ్చు, దాచవచ్చు, తీసేయవచ్చు.

అలంకారమంతా అయ్యాక మిగిలిన మూలలో రెండు ముక్కలు ఇరికిస్తే కథ కుదరదు. అనుభవం ఉన్నవారు ముందు కథ రాసుకుని, దాని పొడవు చూసి, అందుకు తగ్గ చోటు వదిలాకే పూలూ రిబ్బన్లూ పెడతారు. ఫొటోలోనే ఆకాశమో ఖాళీ గోడో ఉంటే అక్షరాలు దాని మీదే నిలుస్తాయి. గళ్లూ పూలూ ఉన్న నేపథ్యం మీద అక్షరం ఆనదు. అలాంటిచోట కొంత పారదర్శకంగా ఉండే తెల్లటి పట్టీ వేసి దాని మీద రాయాలి.

మాట అవసరం

ఫొటో ఉండగా మాట దేనికన్న ప్రశ్నకు ఒక ప్రయోగం జవాబిస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త లిండా హెంకెల్ విద్యార్థులను మ్యూజియంలో తిప్పుతూ కొన్ని వస్తువులకు ఫొటో తీయమన్నారు, కొన్నింటిని ఊరికే చూడమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే వారికి తక్కువగా గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. 2014లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి, ఏదో ఒక వివరం మీద మనసు పెట్టడమే జ్ఞాపకాన్ని కాపాడుతుంది. జర్నలింగ్ చేయించేదీ అదే.

కెమెరా తనకు తానుగా కొంత రాసుకుంటుంది. డిజిటల్ ఫొటో ఫైల్లో తీసిన తేదీ, సమయం, కొన్నిసార్లు చోటు కూడా దాగి ఉంటాయి. స్కూటర్ ఫొటో విషయంలో అదీ పనికిరాలేదు. అది పాత ప్రింటును స్కాన్ చేసినది. ఫైలు చూపే తేదీ స్కాన్ చేసిన రోజుది, పూజ జరిగిన రోజుది కాదు. పాత ఆల్బం నుంచి వచ్చిన ప్రతి ఫొటోకీ ఇదే తిప్పలు. అసలు తేదీ తెలిసినవారే చెప్పాలి. కచ్చితంగా తెలియకపోతే ‘దసరా ముందు’, ‘తమ్ముడు పుట్టిన ఏడాది’ అని తెలిసినంత మేరకు రాయాలి.

మాట వచ్చిన తీరు

పేజీ మీద మొదట పడ్డ రాత నాలుగు మాటలు: ‘నాన్న, కొత్త స్కూటర్, తాడ్‌బండ్.’ ఇందులో చదివేవారికి కొత్తగా తెలిసింది చోటు పేరు ఒక్కటే. మిగతాదంతా ఫొటోలో కనిపిస్తూనే ఉంది.

కూతురు తల్లికి ఫోన్ చేసి అడిగాక ఆ రాత మారింది. ‘ఈ ఫొటోలో లేనిది అమ్మ. తమ్ముణ్ని చంకనేసుకుని ఫొటో తీసినాయన పక్కన నిలబడిందట. స్కూటర్ బుక్ చేసినప్పటికి నేను పుట్టలేదు, అది ఇంటికొచ్చేసరికి ఒకటో తరగతి. పొద్దున్నే నాన్న దాన్ని ఒక పక్కకి వంచి, లేపి, కిక్ కొట్టేవాడు. మూడుసార్లకీ స్టార్ట్ కాకపోతే ముందు నిలబడ్డ నన్ను దిగమనేవాడు. నేను దిగగానే స్టార్టయ్యేది. బండికి నేనంటే పడదని చాలా రోజులు నమ్మాను.’

ఇందులో ఫొటో చూపలేనివి నాలుగున్నాయి. చట్రం బయట ఉన్న మనిషి ఒకటి. ఆ క్షణానికి ముందు గడిచిన కాలం రెండోది. తర్వాత రోజూ సాగిన అలవాటు మూడోది. రాసేవారి మనసులో మాట నాలుగోది. బుక్ చేసిన స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఆ ఇంటి ఒక్కదాని కథ కాదు. బజాజ్ చేతక్ స్కూటర్ 1972లో వచ్చింది. ఎన్ని బళ్లు తయారు చేయాలో ప్రభుత్వ లైసెన్సులు నిర్ణయించిన రోజుల్లో కొనేవారి వరస చాలా పొడుగ్గా ఉండేది. ఒక ఇంటి సంగతి దేశం సంగతిని ఇలా తాకినప్పుడు, తెలిసిన ఏడాదీ ధరా ఒక వాక్యంలో చేరిస్తే మనవల తరానికి పేజీ ఇంకాస్త అర్థమవుతుంది.

రాసే పద్ధతులు

అన్ని పేజీలూ కథే చెప్పనక్కర్లేదు. పండక్కి ఇంటికొచ్చిన ఇరవైమంది ఫొటోకి ఎడమ నుంచి కుడికి పేర్లూ వరసలూ రాస్తే చాలు. ‘అత్తయ్య’ అని మాత్రం రాస్తే ఎవరికి అత్తయ్యో తర్వాతివారికి తెలియదు కాబట్టి పేరు తప్పనిసరి. పుట్టినరోజు పేజీకి జాబితా బాగా నప్పుతుంది: ఆ ఏడు పిల్ల తిన్నవీ, తిననివీ, కొత్తగా పలికిన మాటలూ. దూరమైనవారి గురించి రాయాల్సి వస్తే ఉత్తరం రూపం కలం సాగనిస్తుంది. పెద్దవాళ్ల కథలకు ప్రశ్న జవాబుల పద్ధతి మేలు. ‘మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి’ అంటే ‘ఏమున్నాయమ్మా చెప్పడానికి’ అనేస్తారు. ‘మొదటి జీతంతో ఏం కొన్నావు తాతయ్యా’ అంటే కథ దానంతట అదే వస్తుంది. వారు చెప్పిన యాసను యాసగానే ఉంచాలి. పుస్తకాల భాషలోకి దిద్దితే ఆ గొంతు పోతుంది.

చేతిరాతకు పేజీలో ప్రత్యేకమైన చోటు ఉంది. అమ్మమ్మ రాసిన చారుపొడి కొలతల కాగితాన్ని స్కాన్ చేసి ఒక పొరగా పెడితే, పసుపు మరకతో సహా అది పత్రమవుతుంది. గొంతును కూడా జతచేయవచ్చు. రికార్డు చేసిన మాటల లంకెను క్యూఆర్ కోడ్‌గా పేజీ మీద అచ్చేస్తే ఫోన్‌తో వినవచ్చు. జపాన్‌లో డెన్సో వేవ్ 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన ఈ కోడ్ ఇళ్ల ఆల్బంలదాకా వచ్చింది. అయితే కోడ్ గొంతును దాచదు, అది ఉన్న చోటు చూపుతుందంతే. ఆ చోటు పోతే కోడ్ మూగది. అందుకే ముఖ్యమైన మాటలు అక్షరాల్లోనూ ఉండాలి.

చేదు అనుభవాలూ పేజీకి ఎక్కుతాయి. పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. జీవితంలో తగిలిన దెబ్బను, అప్పటి బాధతో కలిపి రాసినవారికి అప్పటికప్పుడు మనసు బరువెక్కింది, తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లే అవసరం తగ్గింది. ఇలా రాసుకున్నవన్నీ బంధువుల ముందు పెట్టాల్సినవి కావు. ఒకే పేజీని రెండు రూపాల్లో దాచడం మంచి పద్ధతి: అందరికీ చూపేదానిలో కొద్ది మాటలు, సొంతానికి ఉంచుకునేదానిలో పూర్తి కథ. పిల్లల బడి పేరు, ఇంటి చిరునామా, ఎదుటివారి జబ్బులు, అప్పులు బయటికి పంపే పేజీలో ఉండకూడదు.

తెలుగు అక్షరం

మాట తెలుగులో ఉంటే పేజీకి కొన్ని అదనపు కష్టాలు. ఒకప్పుడు డీటీపీ కేంద్రాల్లో వాడిన అను వంటి ఫాంట్లతో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలే కనిపిస్తాయి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఇప్పుడు రాసే జర్నలింగ్ యూనికోడ్‌లో ఉంటే ఫాంటు మారినా అక్షరం మిగులుతుంది. మండలి, సురవరం, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో రామభద్ర వంటి లావు అక్షరాలు శీర్షికకు నప్పుతాయి, మండలి వంటివి కథకు సుఖంగా ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌కు భారతీయ లిపులను కూర్చే ఏర్పాటు ఉండాలి. అది లేనిచోట ‘స్కూటర్’లోని క ఒత్తు సకారం కిందికి వెళ్లకుండా పక్కకు విడిపోయి ‘స్‌కూటర్’ అవుతుంది. ఈ పేజీ మీదా మొదట అలాగే పడింది. దక్షిణాసియా లిపుల కూర్పు ఎంచుకున్నాక ఒత్తు తన చోటికి చేరింది. తెలుగులో గుడులు పైకీ ఒత్తులు కిందికీ పోతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయిన వరసల ఎడం తెలుగుకు చాలదు. పై వరసలోని ‘ష్ట్ర’, కింది వరసలోని ‘కీ’ ఒకదానికొకటి తగలనంత ఎడం ఉండాలి. సైజు సంగతీ చూసుకోవాలి. 12 అంగుళాల పేజీని 8 అంగుళాల పుస్తకంగా అచ్చేస్తే 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకు తగ్గుతుంది, అప్పుడు ఒత్తులు కళ్లకు ఆనవు.

ఆయుష్షు

పేజీ బతికేది రెండు రూపాల్లో. పొరలన్నీ విడిగా ఉన్న మూల ఫైలులో తప్పు దిద్దవచ్చు, కొత్తగా తెలిసిన సంగతి చేర్చవచ్చు. పొరలు కలిపేసిన జేపెగ్ ఎక్కడైనా తెరుచుకుంటుంది గానీ అందులో అక్షరం కూడా బొమ్మే, దిద్దడానికి వీలుండదు. అందుకే రెండూ దాచాలి, వాటితోపాటు కథను మాత్రం విడిగా సాదా టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి. ఏ సాఫ్ట్‌వేర్ మూలపడినా అది చదవడానికి వస్తుంది.

ఆన్‌లైన్‌లో పెట్టినంత మాత్రాన భద్రమని అనుకోకూడదు. భారతదేశంలో ఎందరో ఫొటోలూ కబుర్లూ పంచుకున్న ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటు 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్నది ఫైళ్లు భద్రపరిచేవారి నియమం. ఒక ప్రతి కాగితం మీదా ఉండటం మేలు. ఆమ్లం, లిగ్నిన్ లేని కాగితమైతే త్వరగా పచ్చబడదు. అచ్చుకు పంపేముందు అక్షరాలను అంచు నుంచి కనీసం అర అంగుళం లోపలికి జరపాలి, లేకపోతే కత్తిరింపులో చివరి మాటలు పోతాయి.

పేజీ అడుగున రాయాల్సినవి ఇంకో రెండున్నాయి: కథ రాసిన వారి పేరు, రాసిన తేదీ. ఫొటో తీసిన రోజుకూ కథ రాసిన రోజుకూ నడుమ ఎన్నేళ్లు గడిచాయో తెలిస్తేనే, చదివేవారు అందులో కళ్లారా చూసినదెంతో, అమ్మ చెప్పగా విన్నదెంతో విడదీసుకోగలుగుతారు.