కరణం తాతగారూ, కమాండ్ లైనూ

కనిగిరిలో మనిషి పని చేస్తున్నట్టు నలుగురూ ఒప్పుకోవాలంటే చేతులు కదలాలి. మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళ చేతులు కదులుతాయి. డీటీపీ సెంటర్ కుర్రాడి వేళ్ళు కదులుతాయి. అరుగు మీద పేకాడేవాళ్ళవి ఇంకా జోరుగా కదులుతాయి. నావి కదలవు. నేను రాసిన స్క్రిప్టు నల్లటి తెర మీద తనంతట తాను పరిగెడుతుంటే పక్కన కూర్చుని చూస్తుంటాను. మా అమ్మ లెక్కలో ఇది టీవీ చూడటం కన్నా ఒక మెట్టు కిందిది. టీవీలో కనీసం కథ ఉంటుంది.

"ఖాళీగానే ఉండావు గదా నాయనా, నీళ్ళ డబ్బా తీసకరారాదా?"

మా ప్రాంతపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి లోకానికి తెలిసిందే, తాగడానికి డబ్బా నీళ్ళే గతి. అందువల్ల మా కంపెనీ ప్యాచ్ తయారైనప్పుడల్లా మా ఇంట్లో నీళ్ళకు కరువుండదు.

నా ఉద్యోగం ఇన్‌స్టాలర్ ప్యాచ్‌లు కట్టడం. 1999లో ఆఫీస్ 2000తో పాటు మైక్రోసాఫ్ట్ విండోస్ ఇన్‌స్టాలర్‌ను తెచ్చింది. దాని ఎంఎస్ఐ ఫైలు పైకి ఒక్క ఫైలే గానీ లోపలంతా పట్టికలు: ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, రిజిస్ట్రీలో ఏం రాయాలి, ఏది ముందు, ఏది వెనక. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తప్పు దిద్దితే సరుకంతా మళ్ళీ పంపకుండా, పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పెట్టి తేడా మాత్రమే మూటగట్టి పంపొచ్చు. ఆ మూట ఎంఎస్‌పీ. దాన్ని మౌసుతో కట్టే రోజుల్లో నా చేతులు బ్రహ్మాండంగా కదిలేవి. వీధిలో నాకు గౌరవమూ ఉండేది.

ఆ గౌరవాన్ని చెడగొట్టింది విక్స్ అనే కమాండ్ లైను పనిముట్ల పెట్టె. 2004లో మైక్రోసాఫ్ట్ దీన్ని ఓపెన్ సోర్సుగా బయటపెట్టింది. ఇందులో క్యాండిల్ మనం రాసింది కంపైల్ చేస్తుంది, లైట్ దాన్ని ఎంఎస్ఐగా కూరుస్తుంది, టార్చ్ పాత కొత్తల తేడా పట్టుకుంటుంది, పైరో ఆ తేడాను ప్యాచ్‌లోకి ఎక్కిస్తుంది. కరెంటు పోయే ఊరివాడెవడో పెట్టిన పేర్లలా ఉంటాయి. (2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో వీటన్నిటినీ ఊడ్చేసి ఒకే కమాండ్ కింద పెట్టారు. నాకైతే పాత పేర్లే ముద్దు.) ఈ కమాండ్లను వరసగా ఒక బ్యాచ్ ఫైల్లో రాసి, ఏదైనా సున్నా కాని జవాబిస్తే అక్కడే ఆగమని చెప్పి, అర్ధరాత్రి రెండింటికి షెడ్యూల్ చేస్తే తెల్లారేసరికి ప్యాచ్ సిద్ధం.

మా వీధిలో ఈ గొడవంతా అర్థమైన మనిషి ఒక్కరే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసేదాకా కరణంగా చేసిన తాతగారు. కాఫీకీ పేపరుకూ వచ్చి, నా తెర చూసి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"అయితే అబ్బాయ్, పాత ప్రతి యాడ దాచావు?"

"విడుదల చేసింది చేసినట్టే విప్పి, వేరే ఫోల్డర్లో పెట్టాను తాతగారూ. అందులో ఏది మారినా ప్యాచ్‌కు నమ్మకం లేదు."

"అదీ మాట! అసలు రికార్డు మీద గీత పడకూడదు. మరి లోపలుండే వాటికి గుర్తులేంది?"

ఒక్కో కాంపోనెంట్‌కు జీయూఐడీ అని ఒక పొడుగాటి నంబరు ఉంటుందనీ, వెర్షన్ మారినా అది మారకూడదనీ చెప్పాను.

"సర్వే నంబరు!" అన్నారు తొడ చరిచి. "1970లో మనల్ని నెల్లూరు జిల్లా నుంచి తెంచి ఒంగోలుకు కలిపారా? రెండేళ్ళకు జిల్లా పేరు ప్రకాశం చేశారా? జిల్లా మారింది, పేరు మారింది. చేను నంబరు మారిందా?"

పదేళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకు స్లైడ్లు వేసి చెబుతున్నాను. ఇంత తేలిగ్గా ఎవరికీ ఎక్కించలేకపోయాను.

"ఒకవేళ ఆ కాంపోనెంట్ ఇక అక్కర్లేకపోతే?"

"ప్యాచ్‌లో తీసెయ్యకూడదు తాతగారూ, గొడవలొస్తాయి."

"తీసెయ్యడం దేనికి? బంజరని రాసి ఉంచు."

మేం చేసేది సరిగ్గా అదే. నంబరు ఉంచి, లోపలి సరుకు ఖాళీ చేస్తాం.

వెర్షన్ దగ్గర మాత్రం ఆయనకు అనుమానమొచ్చింది. నాలుగు అంకెలు రాసినా విండోస్ ఇన్‌స్టాలర్ మొదటి మూడే చూస్తుంది, నాలుగోదాన్ని లెక్కచేయదు. "మరెందుకు రాస్తారు?" అన్నారు. పై ఆఫీసు తృప్తికన్నాను. "రిమార్కుల గడి," అని కాఫీ ఊదుకున్నారు.

ఆ వారమే ఒక డీటీపీ సెంటర్లో ప్యాచ్ ఎక్కలేదని కబురొచ్చింది. డిస్కులో చోటు చాలక, కుర్రాడు విండోస్ ఫోల్డర్లో దాగి ఉండే ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను తుడిచేశాడు. విండోస్ తన పాత ఎంఎస్ఐలు దాచుకునేది అందులోనే. తాతగారికి చెబితే ఒకటే నవ్వు. "దస్త్రాలకు బూజు పట్టిందని తగలబెట్టిన ఘనుల్ని నేనూ చూశాలే."

ఇంకొకటి చెప్పాను. ప్యాచ్ ఎక్కేముందు, ఎదుట ఉన్నది తను ఏ ప్రతి కోసం పుట్టిందో అదేనా కాదా అని చూసుకుంటుంది. ప్రోగ్రామ్ అసలు లేకపోయినా, వేరే వెర్షన్ ఉన్నా 1642 అని ఎర్రర్ చూపి ఆగిపోతుంది.

"ఎంత బతిమాలినా?"

"ఎంత బతిమాలినా."

"చేతిలో ఏదన్నా పెడితే?"

"పెట్టడానికి దానికి చెయ్యి లేదు తాతగారూ."

ఆయన కాసేపు నా తెర వంక, కాసేపు నా వంక చూశారు. "మా రోజుల్లో ఈ 1642 ఉండుంటే కందుకూరు కోర్టులో సగం దావాలు ఉండేవి కావబ్బాయ్," అన్నారు. ఉత్తరీయం దులుపుకుని లేచి, గుమ్మం దగ్గర మళ్ళీ ఆగారు. "మా ఇంట్లో పొయ్యీ వెలిగుండేది కాదులే."