టక్కుమన్నదానికి టోకు బిల్లు

అయ్యా సర్వీస్ అడ్వైజరు గారూ,

మీ చెవులకు జోహార్లు. కారు గేటు దాటీ దాటకముందే, "ముందు చక్రాల దగ్గర ఏదో టకటకమంటోందండీ" అని యజమాని నోరు తెరిచీ తెరవకముందే మీ ట్యాబ్‌లో ఎస్టిమేటు సిద్ధం. షాకబ్జార్బర్లు రెండు, స్ట్రట్ మౌంట్లు రెండు, లోయర్ ఆర్మ్‌లు రెండు, లింక్ రాడ్లు రెండు, ఓ బుష్ సెట్టు, ఆపైన లేబరు, ఆ పైపైన జీఎస్టీ. కారు నడిపి చూసిందీ లేదు, జాకీ ఎక్కించిందీ లేదు. నాడి పట్టకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కించే వైద్యం మీది. ఎవరైనా నసిగితే "సేఫ్టీ కదా సార్" అనే మంత్రం ఉండనే ఉంది. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకు తిరిగే ఏ తండ్రి ఆ మాటకు ఎదురు చెబుతాడు?

పాపం, ఆ కారు తన రోగమేమిటో తానే చెబుతోంది. గతుకుల గల్లీలో నెమ్మదిగా పోతుంటే టకటకమని, నున్నటి రోడ్డెక్కగానే నోరు మూసుకుంటే మొదటి అనుమానం లింక్ రాడ్ మీదే. స్టెబిలైజర్ బారును స్ట్రట్‌కు కలిపే ఆ పుల్లంత కడ్డీకి రెండు కొసలా బాల్ జాయింట్లుంటాయి. పైనున్న రబ్బరు తొడుగు చిరిగి మట్టీ నీళ్లూ లోపలికి పోతే గుండు దాని గూట్లోనే లొడలొడలాడుతుంది. రెండు లింకులూ విప్పి, బారు ఎక్కడా తగలకుండా చూసుకుని, అదే గల్లీలో మెల్లగా ఓ చుట్టు తిప్పండి. చప్పుడు పోయిందా, దొంగ దొరికాడు. పావుగంట పని. కానీ పావుగంటకు బిల్లెంత అవుతుంది లెండి!

బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టగానే గలగల ఆగిపోతే అసలది సస్పెన్షనే కాదు, కాలిపర్ పిన్నుల్నో ప్యాడ్ క్లిప్పుల్నో చూడాలి. నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు 'టంగ్'మంటే స్ట్రట్ పైనున్న మౌంటూ బేరింగూ. బ్రేకు గట్టిగా వేసినప్పుడల్లా ఒక్కటే 'దబ్' అంటే లోయర్ ఆర్మ్ బుష్షు. స్టీరింగ్ పూర్తిగా విరిచి యాక్సిలరేటర్ తొక్కితే టిక్కుటిక్కుమనేది డ్రైవ్ షాఫ్ట్ కొసనున్న సీవీ జాయింటు. దానికీ షాకబ్జార్బర్లే మార్చిన ఘనులున్నారు మీలో. షాకబ్జార్బర్ నిజంగా పోతే చాలాసార్లు ఒంటినిండా నూనె కార్చుకుని కనబడుతుంది, హంపు దిగిన కారు ఒకసారితో ఆగక ఊగుతూనే ఉంటుంది. అయినా కిందికి వంగి చూస్తే కదా!

ఇంతకీ ఈ స్ట్రట్ ఎందుకు పుట్టిందో వినండి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు స్ప్రింగునూ షాకబ్జార్బర్‌నూ ఒక్క స్ట్రట్‌గా కూర్చి, పై ఆర్మ్ అవసరమే లేకుండా చేశాడు. 1950లో ఫోర్డ్ కాన్సుల్‌కు వచ్చిన ఆ ఏర్పాటు 1983లో మారుతి 800తో మన వీధుల్లోకీ దిగింది. భాగాలు తగ్గాలి, ఖర్చు తగ్గాలి, అదీ ఆయన తపన. ఖర్చు తగ్గించడానికి పుట్టిన దానితో ఖర్చు పెంచడమెలాగో కనిపెట్టిన కీర్తి మాత్రం పూర్తిగా మీదే.

ఇక మీ బిగింపు విద్య. కారు లిఫ్టు మీద, చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి. ఆ స్థితిలోనే మీ కుర్రాడు ఇంపాక్ట్ గన్‌తో లోయర్ ఆర్మ్ బోల్టును బర్రుమని బిగించేస్తాడు. కారు నేలకు దిగగానే లోపలి కొత్త రబ్బరు మెలిపడి, ఇక ఇరవై నాలుగ్గంటలూ ఆ మెలికలోనే బతుకుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బుష్షుల్ని బిగించాలని మీ వర్క్‌షాపు మాన్యువల్లే మొత్తుకుంటుంది. అది చదివితే బుష్షు పదికాలాలు మన్నుతుంది. అదేగా మీ భయం!

కిర్రుమనే స్టెబిలైజర్ బుష్షుకు మామూలు గ్రీజు పులిమి పంపడం ఇంకో కళ. వారం రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత ఆ గ్రీజుకే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, మళ్లీ మీ వాకిట్లోకే వస్తుంది. మీ వ్యాపారానికి వాన కూడా సాయమే. తడిసిన రబ్బరు కిర్రుమనదు కాబట్టి, "చూశారా, మీ అనుమానమే సార్" అనొచ్చు.

నిందంతా మీకే అంటగట్టడం అన్యాయమే. మీకు పెట్టుబడి పెట్టని భాగస్వాములున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి లెక్కలో గుండ్రటి హంపు అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటగలిగేది. మన కాలనీల్లో మాత్రం మిగిలిపోయిన కాంక్రీటు ఎంతుంటే హంపు అంత. ఇంటికొక నాయకుడు, నాయకుడికొక హంపు. లింక్ రాడ్ల కంపెనీలు వాళ్లకు కమిషన్ ఇవ్వకపోవడం కృతఘ్నత.

అన్నట్టు, అన్నీ మార్చి, అలైన్‌మెంట్ చేసి, బిల్లు కట్టించుకుని పంపాక కూడా కొన్ని కార్లు గడగడమంటూనే ఉంటాయి. ఇంజిన్ కిందనుండే ప్లాస్టిక్ షీటుకు మీ కుర్రాడు తిరిగి పెట్టని క్లిప్పులవి. దాన్నీ సస్పెన్షన్ ఖాతాలోనే రాసేయండి, మొహమాటం దేనికి?

ఒక్క మనవి. మార్చిన పాత భాగాలన్నీ తప్పకుండా డిక్కీలో పెట్టివ్వండి. అవి మా కారువో కావో మేం తీరిగ్గా చూసుకుంటాం.