అగ్ని ఎమ్మెల్యే

2025 మేలో కోలారు ఎమ్మెల్యే కొత్తూరు మంజునాథ్ గారు ఆపరేషన్ సిందూర్ చేసిన మన వాయుసేనకు మార్కులు వేసేశారు. పైన మూడు నాలుగు విమానాలు తిప్పి వెనక్కి తెచ్చుకున్నారట. అంతా షో కోసమేనట. ఏడాది విడిచి ఏడాది యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది. అక్కడా విమానాలు పైన తిరిగి కిందికొస్తాయి. జనం మెడ పట్టేసేదాకా చూసి, బళ్లారి రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, రాత్రికి ఇల్లు చేరతారు. ఎమ్మెల్యేగారు ఆపరేషన్ సిందూర్‌ని కూడా ఆ పాసు మీదే చూసొచ్చినట్టున్నారు.

ఆయన్నొక్కణ్ణే అనడం న్యాయం కాదు. అంతకు రెండు వారాల ముందే మన కర్ణాటక గృహనిర్మాణ మంత్రి జమీర్ అహ్మద్ ఖాన్ గారు, మోదీ, అమిత్ షా తనకో సూసైడ్ బాంబు ఇప్పిస్తే ఒంటికి కట్టుకుని పాకిస్తాన్ వెళ్తానన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే, జోకు కాదన్నారు కూడా. ఆ బాంబు ఇంతవరకూ మంజూరైనట్టు లేదు. పేదవాడికి ఇల్లు మంజూరు కావడానికే ఏళ్లు పట్టే శాఖ ఆయనది. ఆ మాత్రం ఆలస్యం ఆయన అర్థం చేసుకుంటారు. అటు మధ్యప్రదేశ్‌లో విజయ్ షా అనే బీజేపీ మంత్రి, మన బెళగావి కోడలు కల్నల్ సోఫియా ఖురేషీ గురించి నోరు పారేసుకుంటే, హైకోర్టే కేసు పెట్టమని పోలీసులకు చెప్పాల్సొచ్చింది. అదే రాష్ట్రపు ఉప ముఖ్యమంత్రి జగదీశ్ దేవడా గారైతే సైన్యాన్ని ఏకంగా ప్రధానమంత్రి పాదాల దగ్గర వంచేశారు. పార్టీ ఏదైనా నాలుక మాత్రం ఒకే రెజిమెంటు.

ఇవన్నీ విన్నాక మధ్యతరగతి ఇళ్లలో పాత డిమాండు మళ్లీ లేస్తుంది. సైన్యంలో పనిచేయనివాడికి టికెట్టే ఇవ్వకూడదు, యుద్ధం గురించి మాట్లాడేవాడు ముందు యుద్ధం చేసి రావాలి అని. నేను దీన్ని బేషరతుగా సమర్థిస్తున్నాను. దీనికి పార్లమెంటరీ పునాది కూడా ఉంది. 2018 మార్చిలో మేజర్ జనరల్ ఖండూరీ గారి అధ్యక్షతన రక్షణ శాఖ స్థాయీ సంఘం ఒక సిఫారసు చేసింది. కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ గెజిటెడ్ ఉద్యోగం కావాలంటే ముందు ఐదేళ్లు సైన్యంలో పనిచేసి రావాలని. ఆ సంఘంలో ఉన్నవాళ్లంతా ఎంపీలే. ఆఫీసర్లను అంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్న పెద్దలు, ఎంపీ పదవిని మాత్రం ఎలాగో మర్చిపోయారు. వాళ్లు వదిలేసిన ఖాళీ నేను పూరిస్తున్నాను, అంతే.

కొత్త పథకమంటూ ఏదీ అక్కర్లేదు. అగ్నిపథ్ సిద్ధంగా ఉంది. 2022 జూన్ 14న ప్రకటించారు. ఆ కాగితాల్లో సైన్యం అని ఉన్నచోటల్లా శాసనసభ అని దిద్దితే చాలు, అగ్ని ఎమ్మెల్యే పథకం తయారు.

మొదటి చిక్కు వయసు దగ్గర వస్తుంది. పథకం ప్రకటించినప్పుడు అగ్నివీరుడికి పదిహేడున్నర నుంచి 21 లోపు ఉండాలన్నారు. ఎమ్మెల్యేకి 25 నిండాలని రాజ్యాంగం అంటుంది. రెండూ కలిపితే దేశం మొత్తమ్మీద ఒక్క అభ్యర్థీ మిగలడు. నిజానికి దేశానికి అంతకన్నా మేలు లేదు. కానీ కాలమ్ ఇంకా సగం కూడా కాలేదు కాబట్టి, మొదటి ఏడాది కుర్రాళ్లకు 23 దాకా సడలించినట్టే మనవాళ్లకు 83 దాకా సడలిద్దాం.

ఇక ర్యాలీ. కబ్బన్ రోడ్డులో మానెక్‌షా పరేడ్ గ్రౌండు ఉండనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల లిస్టు పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మన 224 మంది ఎమ్మెల్యేలూ లైన్లో కూర్చోవాలి. పీయే రాకూడదు. కారు గేటు బయటే. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితే 60 మార్కులు. బీమ్ పట్టుకుని పది పుల్‌అప్స్ తీస్తే 40. తర్వాత తొమ్మిది అడుగుల గుంత దూకాలి. దీన్లో మాత్రం బెంగళూరు ఎమ్మెల్యేలు ఫెయిలవుతారు. వాళ్ల నియోజకవర్గంలో ఓటర్లు రోజూ పొద్దున స్కూటర్ మీద దూకుతారు గానీ వాళ్లకు ఆ ప్రాక్టీసు లేదు. ఆఖర్న జిగ్‌జాగ్ బ్యాలెన్స్, అంటే వంకర టింకర కడ్డీ మీద పడిపోకుండా నడవడం. ఇందులో అన్ని పార్టీలవాళ్లూ నూటికి నూరు శాతం పాసు.

శిక్షణకి ఊరు దాటి పోనక్కర్లేదు. బెంగళూరే కంటోన్మెంటు ఊరు. హలసూరు చెరువు పక్కనే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ ఉంది. వాగు అడ్డమొస్తే గంటల్లో వంతెన వేసే సాపర్లు వాళ్లు. 2017లో మొదలెట్టిన ఈజీపుర ఫ్లైఓవర్ 2025లోనూ ఆకాశంలో చేతులు చాచి నిలబడే ఉంది కాబట్టి, ఆ ఫైలు మీద సంతకం పెట్టిన ప్రతి ఒక్కరినీ, ఏ పార్టీ అని చూడకుండా, అక్కడికి పంపుదాం. పార్టీలోంచి పార్టీలోకి దూకేవాళ్లకు పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఊళ్లోనే ఉంది. కింద ఏముందో చూసుకుని దూకడం వాళ్లకు కొత్త కాదు. ఆర్మీ సర్వీస్ కోర్ కేంద్రానికి మటుకు బెళ్ళందూరు వైపు నేతల్ని తప్పకుండా పంపాలి. 2018 జనవరిలో బెళ్ళందూరు చెరువు తగలబడింది. అవును, చెరువే. నీళ్లుండాల్సిన చోట మంట లేస్తే, ఆర్పడానికి ఆ కేంద్రం నుంచి దాదాపు 5,000 మంది సైనికులు రావాల్సొచ్చింది. శత్రువు చేయి లేకుండా సొంత చెరువును యుద్ధభూమి చేసుకున్న నగరం ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

క్యాంపు జీవితం వాళ్లకు కష్టమవుతుందని బెంగ పడకండి. 1984 ఆగస్టు సంక్షోభంలో ఎన్టీఆర్ గారి ఎమ్మెల్యేలు బెంగళూరు, నంది హిల్స్ చేరిన రోజుల నుంచీ ఈ చుట్టుపక్కల రిసార్టులు బ్యారక్‌లుగా పనిచేస్తూనే ఉన్నాయి. పొద్దునా సాయంత్రం హాజరు. ఫోన్లు జప్తు. గేటు దాటితే ద్రోహం. 2019 జనవరిలో బిడది దగ్గర ఈగల్టన్‌లో ఒక ఎమ్మెల్యే తోటి ఎమ్మెల్యేని కొట్టి ఆస్పత్రి పాలు చేశారని కేసు కూడా అయింది. ముఖాముఖి పోరులో బేసిక్స్ అక్కడే పూర్తయ్యాయన్నమాట.

సైన్యంలో పనిచేస్తే క్రమశిక్షణ, దేశభక్తి, జాలి, దయ అన్నీ వాటంతటవే వస్తాయంటారు కొందరు. వాళ్లు ఒకసారి బెంగళూరు క్లబ్బుకు వెళ్లాలి, లోపలికి రానిస్తే. 1899 నాటి లెడ్జరులో వసూలు కాని బాకీల కింద లెఫ్టినెంట్ డబ్ల్యూ.ఎల్.ఎస్. చర్చిల్ అని ఉంటుంది, ఎదురుగా 13 రూపాయలు. ఇక్కడి కంటోన్మెంటులో హుస్సార్ల దళంలో ఉండి, పోలో ఆడి, బాకీ తీర్చకుండా పోయిన ఆ కుర్రాడు 1900లో ఎంపీ అయ్యాడు, 1940లో ప్రధాని. 1943లో ఆయన ఏలుబడిలో బెంగాల్‌లో ఆకలితో, దాని వెంట వచ్చిన రోగాలతో 30 లక్షల మంది దాకా పోయారు. మన ఊరి కంటోన్మెంటులో కొలువు చేసినవాళ్లలో అందరికన్నా పేరున్న ప్రజాప్రతినిధి ఆయనే మరి. అదే క్లబ్బున్న రోడ్డుకు ఫీల్డ్ మార్షల్ కరియప్ప పేరు పెట్టారు. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ అధిపతి, కొడగు బిడ్డ. 1971లో లోక్‌సభకు నిలబడితే ఓడించారు. అదే ఏడాది బంగ్లాదేశ్ యుద్ధంలో పనిచేసిన కెప్టెన్ గోపీనాథ్, తర్వాత వెయ్యి రూపాయలకూ విమానం ఎక్కించిన మనిషి, 2009లో బెంగళూరు దక్షిణంలో ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఆయన్నీ ఇంటికి పంపారు. అసలు సిపాయి చేతులు జోడిస్తే దండ వేసి పంపిస్తాం. ఓటు మాత్రం బాంబు అడిగినవాళ్లకే. పక్కదేశంలో ఈ అర్హత ఎప్పట్నుంచో అమల్లో ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అయూబ్, యాహ్యా, జియా, ముషారఫ్, అందరూ సర్వీసు చేసినవాళ్లే.

అయినా నేను వెనక్కి తగ్గను. నా పథకంలో అసలు కీలకం నాలుగో ఏడాది చివర ఉంది. అగ్నివీరుల్లో నూటికి 25 మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు మూట సర్దుకోవాలి. 224లో పాతిక శాతమంటే సరిగ్గా 56. ఆ అంకె ఎవరికీ అభ్యంతరం కాకూడదు. తక్కిన 168 మందికీ చేతిలో సేవా నిధి, 11.71 లక్షలు. అందులో సగం నెలనెలా వాళ్ల జీతంలోంచి కోసినదే. పెన్షన్ లేదు. గ్రాట్యుటీ లేదు. మాజీ అనే పలకరింపు లేదు, గన్‌మన్ లేడు, టోల్‌గేటు దగ్గర కార్డు చూపించడం లేదు. బతకడమెలా అని కంగారు పడకండి. 2022 జూన్‌లోనే మన కిషన్ రెడ్డి గారు దారి చూపించారు. డ్రైవింగు, కరెంటు పని, బట్టలుతకడం, క్షవరం లాంటివాటిలో కూడా అగ్నివీరులకు నైపుణ్యం వస్తుందని. ఆ పనులు చిన్నవని నేననను. ఊరు నడిచేది ఆ చేతుల మీదే. నాకున్న అనుమానమల్లా 168 మంది మాజీ ఎమ్మెల్యేల్లో ఎవరి చేతికి కత్తెరిచ్చి తల అప్పగించగలమన్నదే. ఎవరికీ ఏదీ రాకపోతే బీజేపీ నేత కైలాశ్ విజయ్‌వర్గీయ గారి మాట ఉంది. పార్టీ ఆఫీసుకు సెక్యూరిటీ కావాలంటే అగ్నివీరుడికే మొదటి అవకాశమిస్తానన్నారు. మల్లేశ్వరంలో బీజేపీ ఆఫీసు గేటు, క్వీన్స్ రోడ్డులో కాంగ్రెస్ ఆఫీసు గేటు. నీలం చొక్కా, విజిలు. కొత్త ఎమ్మెల్యే కారు వస్తే లేచి సెల్యూట్ కొట్టాలి.

2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మురళీ నాయక్ అగ్నివీరుడు. గోరంట్ల మండలం కళ్లితండా. బాగేపల్లి దాటి ఆంధ్రలో అడుగుపెడితే ఎంతో దూరం లేదు. అమ్మానాన్నలు ముంబైలో కూలి చేసి సాకిన ఒక్కగానొక్క కొడుకు. మరునాడు శవపేటిక మన బెంగళూరు విమానాశ్రయంలోనే దిగి, రోడ్డు మీద తండాకు వెళ్లింది. పవన్ కల్యాణ్ వెళ్లారు, లోకేశ్ వెళ్లారు, ఆంధ్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాలు, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది. మంచి పని. ఆ తర్వాత వారం తిరక్కుండానే కోలారులో మైకు ముందు, ఏముంది, విమానాలు తిప్పి తెచ్చారు, అంతేగా అన్నారు. ప్రశ్న అడగొద్దని ఎవరూ అనడం లేదు. పహల్గామ్‌లో 26 మందిని చంపినవాళ్లు ఎటునుంచి వచ్చారు, ఎటు పోయారు, కాపలా ఏమైంది అని గొంతు చించుకుని అడగండి. దానికి తుపాకీ పట్టి ఉండక్కర్లేదు, ఓట్లు వేయించుకుని ఉంటే చాలు. ఆ ఓట్లు వేసిన ఇళ్లలోంచే సైన్యానికి కుర్రాళ్లు వెళ్తున్నారు. మీ ఇళ్లలోంచి ఎంతమంది వెళ్లారో మీరే చెప్పండి. బాంబు కావాలని అడిగిన మంత్రికీ, పాదాల దగ్గర వంచిన మంత్రికీ, మార్కులేసిన ఎమ్మెల్యేకీ సైన్యం ఒక సినిమా సెట్టు. చచ్చేది తండా పిల్లాడు, డైలాగు మీది.

లెక్క కూడా వినండి. రెగ్యులర్ సిపాయి యుద్ధంలో పోతే, పరిహారంతో పాటు ఇంటివాళ్లకు నెలనెలా పెన్షన్ వస్తుంది. అదే గుంతలో, అదే గుండు తగిలి అగ్నివీరుడు పోతే బీమా, ఎక్స్‌గ్రేషియా కలిపి ఒకసారి డబ్బిస్తారు. ఆ కుటుంబ పెన్షన్ మాత్రం లేదు. ఈ తేడా పెట్టింది ఢిల్లీ. బెంగళూరు ఏం చేసింది? 2025 మార్చి 21న విధానసభలో, ఒకపక్క గొడవ, ఇంకోపక్క 18 మంది బీజేపీ సభ్యుల్ని మార్షల్స్ మోసుకుపోవడం, ఆ మధ్యలోనే చర్చ లేకుండా జీతాల బిల్లు పాసైంది. ఎమ్మెల్యే జీతం 40 వేల నుంచి 80 వేలు. మాజీల పెన్షన్ 50 వేల నుంచి 75 వేలు. నాకొద్దని తిప్పి పంపినవాడి పేరు నేనెక్కడా వినలేదు.

సిగ్గుంటే ఒక్క తీర్మానం చేయండి. అగ్నివీరుడు సరిహద్దులో చనిపోతే అతని తల్లికి మిగతా సిపాయిల తల్లులకిచ్చే పెన్షనే ఇవ్వాలని కేంద్రాన్ని అడగండి. మీ జీతాల బిల్లుకు పట్టినంత సేపు కూడా పట్టదు.