మునిగిన నగరం మీద పులిహోర

కృష్ణకు వరద వచ్చిన ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సోకేది నాగార్జునసాగర్ యాత్ర. డ్యాము గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన వారంలోనే ఇది ఇల్లిల్లూ తిరుగుతుంది. పత్తి ఇంకా పగలదు, మిరప ఇంకా కాయదు. చేతిలో డబ్బు లేకపోయినా తీరికుండే రోజులవి. శనివారం రాత్రి చింతపండు నానబెట్టారంటే ప్రయాణం ఖాయమైనట్టే. కారులో ఐదుగురికి చోటుంటుంది, తొమ్మిదిమంది ఎక్కుతారు. నరసరావుపేట దాటాక, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు వెనకబడేదాకా వెనక సీట్లో వాళ్ళకు ఊపిరాడదు. దానికి కారణం ఒక్క సున్నమే కాదు. మాచర్ల వచ్చేసరికి పులిహోర సగమవుతుంది.

యాత్రికుల్లో కుడికాలువ ఎగువ రైతుకు డ్యాము కొత్త కాదు; ఎడ్లకు కొట్టం చూపించినంత ధీమాగా పిల్లలకు గేట్లు చూపిస్తాడు. చూడదగినవాడు ఒంగోలు వైపు చివరి ఆయకట్టు రైతు. తన పొలందాకా రాని నీళ్ళు అసలున్నాయో లేవో కళ్ళారా తేల్చుకోవడానికి వస్తాడు. ఉంటాయి. నిండితే 590 అడుగుల మట్టం, కంటికి ఆనినంత మేరా నీళ్ళే. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ డ్యాముకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఆయన కూతురు ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. తండ్రి నుంచి కూతురిదాకా రావడానికి పన్నెండేళ్ళే పట్టింది. తూము నుంచి చివరి చేలదాకా రావడానికి ఎంత పడుతుందో ఇప్పటికీ ఏటా కొత్తగా లెక్క వేస్తూనే ఉన్నారు.

డ్యాముకు 26 గేట్లు. రాష్ట్రం రెండయ్యాక వీటిని భాగాలు పెట్టడం అన్నదమ్ముల పంపకాలంత సులువు కాలేదు. 2023 నవంబరు 30న, అవతలి రాష్ట్రంలో పోలింగ్ జరుగుతున్న రోజే, ఆంధ్ర పోలీసులు 13 గేట్లదాకా వచ్చి ముళ్ళకంచె వేశారు, కుడికాలువకు నీళ్ళు వదిలారు. చివరికి కాపలాకు కేంద్ర బలగాలను దింపాల్సి వచ్చింది. కంచె సంగతి ఈలోగా ఎవరూ నీళ్ళకు చెప్పలేదు.

లాంచీ విజయపురి సౌత్ నుంచి బయల్దేరుతుంది. అది గడియారాన్ని బట్టి కదలదు, జనాన్ని బట్టి కదులుతుంది. టిక్కెట్టు కొన్నవాళ్ళు కొననివాళ్ళ కోసం ఎదురుచూడటం ఇక్కడి ఆచారం. లైఫ్ జాకెట్లు ఇస్తారు. ఫోటో అయ్యేదాకా వేసుకుంటారు, తర్వాత ఉక్కపోస్తుంది. 2017 నవంబరు 12న ఇదే కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర, అనుమతిలేని పడవ బోల్తాపడి పోయినవాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు. కార్తీక మాసపు ఆదివారం అది. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు పడవ ప్రమాదం జరిగాక రాష్ట్రమంతా పడవలు ఆపేసి నిబంధనలు రాశారు. నిబంధనలు గట్టివే. వాటికి ఉక్కపోయదు.

లోకంలో మిగతాచోట్ల సరస్సు ఒడ్డునున్న నగరానికి పడవలో పోతారు. ఇక్కడ పడవ నగరం మీంచి పోతుంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులకు రాజధానిగా వెలిగిన విజయపురి లోయ ఈ నీటి కిందే ఉంది. 1926లో వెలుగులోకి వచ్చింది. డ్యాము కడతారని ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా లోయంతా హడావుడిగా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయీ విప్పి కొండ మీద మళ్ళీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు నాగార్జునకొండ దీవి. పత్తికీ మిరపకూ నీళ్ళు కావాల్సి వచ్చి ఒక నగరం ఖాళీ చేసింది. లబ్ధిదారులు దాని నెత్తిమీద జంతికలు నములుతూ దీవి ఎప్పుడొస్తుందని అడుగుతుంటారు.

దీవి మీది మ్యూజియం 1966 నాటిది. శుక్రవారం సెలవు, ఆ సంగతి శుక్రవారం వెళ్ళినవాళ్ళకు బాగా తెలుసు. మునిగిన లోయ నమూనా లోపల ఉంది, పాలరాయి కాదని పోట్లాడుకోదగ్గ సున్నపురాతి శిల్పాలూ ఉన్నాయి. తిరుగు లాంచీ తప్పిపోతుందన్న భయంతో వీటన్నిటినీ నడకలోనే ముగిస్తారు. నాయనమ్మలు మాత్రం ఒకచోట ఆగుతారు. మహాచైత్యాన్ని పూర్తి చేయించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, ఆనక అత్తగారు. ఎవరైనా ఈ ముక్క చదివి చెబితే, “చూశావా అబ్బాయ్, రాజులకే పనికొచ్చింది మేనరికం!” అంటూ మనవడి వంక తిరుగుతారు. మనవడు సిగ్నల్ కోసం బయటికి పోతాడు. ఆ కుటుంబంలో పురావస్తు చర్చ అంతటితో ఆఖరు.

లోయలో దొరికిన రంగస్థలాన్ని, విహారాలను ఒడ్డునే అనుపు దగ్గర తిరిగి కట్టారు. అక్కడికి లాంచీ అక్కర్లేదు, కారులోనే పోవచ్చు. అందువల్ల ఎవరూ పోరు. బదులుగా బండ్లన్నీ ఎత్తిపోతలకు తిరుగుతాయి. అప్పటికి పొద్దుగూకుతుంది. చీకట్లో చేరినవాళ్ళు జలపాతం హోరు విని, బొమ్మ నెట్లోంచి దింపుకుని స్టేటస్‌లో పెడతారు.