గొడ్డు లేని భోగి

మా రోజుల్లో సంక్రాంతి మూడు రోజుల పండగ కాదు, నెల పండగ. డిసెంబరు 16 నాటికి ధనుర్మాసం వస్తుంది, నెల పట్టేవాళ్ళం. ఏడాదిలోకెల్లా పొట్టి పగలు, డిసెంబరు 21 గానీ 22 గానీ, ఆ నెలలోనే పడుతుంది. నిజానికి పొద్దు ఉత్తరానికి మళ్ళేది ఆనాడే. మన పంచాంగం నక్షత్రాల లెక్క గనక, 72 ఏళ్ళకో రోజు చొప్పున జరుగుతూ మకర సంక్రాంతి జనవరి 14, 15లకు వచ్చింది.

ఆ చలి చీకట్లో మా అమ్మ పేడ కళ్ళాపి చల్లి, ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టి గుమ్మడి పూలు గుచ్చేది. తర్వాత ఆ గొబ్బెమ్మల్నే పిడకలు తట్టేవాళ్ళు. నెలంతా ఎండిన ఆ పిడకల్ని దండ గుచ్చి, భోగినాడు పిల్లలం మంటలో వేసేవాళ్ళం.

ఇప్పుడో? భోగి ముందురోజు రాత్రి పిల్లలు హైదరాబాదు నుంచి కారు దిగుతారు. పిడకల దండ అప్పటికే పార్సిల్లో వచ్చి ఉంటుంది. డబ్బిచ్చి కొన్న పిడక! ఇది నాకు మింగుడు పడదు.

అయినా పిల్లల్ని అని ఏం లాభం, పేడేదీ? అప్పట్లో మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతు ఇల్లంటే గొడ్ల సావిడి ఉండాల్సిందే. జొన్న వేస్తే మనకు గింజ, గొడ్డుకు చొప్ప. ఆ చేలన్నీ పత్తి, మిరప అయ్యాయి. పత్తి కట్టె గొడ్డు మేయదు, మిరప కంపా మేయదు. మేత పోయింది, ట్రాక్టరు వచ్చింది, సావిడి ఖాళీ అయింది. మన ఒంగోలు జాతి బ్రెజిల్లో నెలోర్ పేరుతో కోట్లలో ఉంది. ఇక్కడేమో బండలాగుడు పందేలప్పుడు గిత్తల్ని చూసి ఈలలు వేసి ఇంటికి పోతున్నాం. గొడ్ల పండగ కనుమ నాడు ట్రాక్టరు బానెట్టుకు పసుపు రాస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

యూరప్ చలిదేశాల వాళ్ళూ ఈ పొట్టి పగళ్ళలోనే యూల్ దుంగ కాల్చేవాళ్ళు. ఇళ్ళల్లో పెద్ద పొయ్యిలు పోయాక ఆ దుంగ చాలా చోట్ల కేకుగా మిగిలింది. మన భోగికి ఆ గతి పట్టకూడదు.

పత్తి తీతలు, మిరప కోతలు ఈ నెల్లోనే, నెల పట్టే తీరికేదీ అంటారు ఇప్పటివాళ్ళు. మాకు మాత్రం పనుల్లేవా? కోతలు, కుప్పలు, పొద్దున్నే పాలు పితకడం, అన్నీ ఉన్నాయి.

ఊళ్ళో ఎవరో ఒకరి దొడ్లో ఇంకా ఆవు ఉండే ఉంటుంది. ఈసారి నెల పట్టిన రోజునే వెళ్ళి నాలుగు దోసిళ్ళ పేడ అడిగి తెచ్చుకోండి. పిల్లలు సెలవులకు వచ్చేసరికి పిడకలు ఎండి ఉంటాయి. దండ మాత్రం వాళ్ళ చేతనే గుచ్చించండి.