జాడీ పట్టని వంటిల్లు

మా తెనాలి ఇంట్లో వంటిల్లు మార్పిస్తామన్నారు పిల్లలు. మార్చండి, వద్దన్నానా? పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఆ ఇరుకులోనే మా అమ్మ సంక్రాంతికి అరిసెలు వండి వీధంతా పంచింది. ఇప్పుడు ముగ్గురికి కూర వండటానికి ఆ చోటు చాలదట.

కొలతలకి వచ్చిన కుర్రాడు గోడని తట్టి చూసి, "అంకుల్, ఇది పడగొట్టి హాల్లో కలిపేద్దాం, ఓపెన్ కిచెన్" అన్నాడు. నాయనా, అది 18 అంగుళాల ఇటుక గోడ, సున్నపు కట్టుబడి. ఈ ఇంటికి పిల్లర్లూ బీములూ లేవు. మిద్దె దూలాలు కూర్చున్నది దానిమీదే. అది తీస్తే కలిసేది హాలూ వంటిల్లూ కాదు, మిద్దే నేలా! మా రోజుల్లో తాపీమేస్త్రికి చదువు రాదుగానీ, బరువు మోసే గోడేదో తేల్చుకోకుండా గునపం ముట్టేవాడు కాదు.

అసలు మన వంటకి తలుపు లేని వంటిల్లేమిటి? ఎండుమిరపకాయల పోపు వేస్తే హాల్లో టీవీ చూసేవాడు తుమ్మి తుమ్మి చావాలి. చిమ్నీ ఉందిగా అంటారు. గొట్టానికి గోడకి కన్నం పెడితే అందం పోతుందని గొట్టం లేని రకం ఎంచారు. అది వాసనని బొగ్గులో వడగట్టి, వేడినీ ఆవిరినీ మళ్లీ మన మొహం మీదే వదులుతుంది. పొయ్యి పైన మా నాన్న పెట్టించిన గవాక్షం కరెంటు బిల్లు లేకుండానే పొగని బయటికి పంపే పని చేసేది.

పూర్తిగా చేసేది కాదులెండి. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకున్న అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. గ్యాసు వచ్చిననాడు ఆవిడ మొహం చూసినవాణ్ణి. ఆ పొగ మళ్లీ రావాలని నేననను.

ఇక చెక్క. ఏం చెక్క వేస్తావంటే కుర్రాడు రంగుల పేర్లు చెబుతాడు. గట్టిగా నిలదీస్తే తేలింది, రంపప్పొట్టు జిగురుతో అదిమిన బోర్డు! సింకు కింద అది పెడితే ఉబ్బిపోయి తలుపు పడదు. తడి తగిలేచోట ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే వేయమన్నాను. మా పాత అలమరకి తలుపులు టేకు, అరలు బేతంచర్ల బండ. చెద పట్టదు, నానదు.

తర్వాత కంప్యూటర్లో బొమ్మ చూపించారు. గ్లాసులకో సొరుగు, చెంచాలకో సొరుగు, మూస్తే చప్పుడు కూడా రాదట. అంతా చూసి ఒక్కటే అడిగాను: ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలి? కుర్రాడు కొలత అడిగాడు. జాడీ తెచ్చి ముందు నిలబెట్టాను. వాసెన కట్టిన జాడీ ఏ సొరుగు ఎత్తుకీ సరిపోలేదు. "అడ్డంగా పడుకోబెట్టొచ్చు కదా అంకుల్" అన్నాడు. నూనె తేలిన ఊరగాయని పడుకోబెట్టమన్న పెద్దమనిషి చేత వంటిల్లు కట్టిస్తున్నాం!

గట్టు ఎత్తు 34 అంగుళాలే, అదే స్టాండర్డు అన్నాడు. మా కోడలు పొడగరి. నిలబెట్టి మోచేతి కింద కొలవరా అన్నాను. కొలిచాడు, పెంచాడు. గోడ జోలికి కూడా రానన్నాడు. అటక మాత్రం తీసేయాల్సిందేనట. మరి గంగాళం, అరిసెల మూకుడు ఎక్కడ పెడతారో రేపు రానీ, అడుగుతా.